పొద్దున సున్నా, సాయంత్రం ఒకటి

కాట్రపేట లాకుల వీధిలో సాయంత్రం నాలుగు దాటిందంటే వరహాలమ్మ టీచరు గారి అరుగు మీద చదరంగం బల్ల పడాల్సిందే, దాని అవతల రిటైరైన బస్సు కండక్టరు మస్తాన్ గారు చతికిలపడాల్సిందే. ఇద్దరి ఇళ్ళలోనూ మనుషులకు కొదవ లేదు. కాకపోతే ఆ మనుషుల్లో గుర్రం ఎటు దూకుతుందో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని ఏళ్ళ తరబడి ఆవిడకు ఆయన, ఆయనకు ఆవిడ.

మస్తాన్ గారి ఆట మహా నిదానం. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆఖరి ముసలమ్మ తన కోడిపుంజుతో సహా ఎక్కి కూర్చునేదాకా విజిలు వేసేవాడు కాదని పేరు. ఇక్కడా అంతే. చెయ్యి ఏనుగు మీదికి తీసుకెళ్ళి, అక్కడే ఆపి, పైనున్న దూలాలన్నీ ఓసారి చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి ఆలోచించేవాడు. ఇద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. ఆటకు ఒక ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, తీసుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళకు టీ ఇప్పించాలి. ఆయన రోజూ ఎత్తు వెనక్కి తీసుకునేవాడు, ఆవిడ రోజూ టీ తాగేది. ఆ కాసేపటి కోసమే తాను పొద్దున్నే లేస్తున్నానని టీచరు గారు పైకి ఎవరితోనూ అనలేదు గాని, అది నిజం.

ఇలా నిక్షేపంగా సాగిపోతున్న కాలంలో జిల్లా చదరంగ వికాస మండలికి ప్రత్యేకాధికారిగా ఉప్పలూరి పరబ్రహ్మం గారు దయచేశారు. ఆయన అంతకుముందు మత్స్యశాఖలో చేపపిల్లల పంపిణీ చూసేవారు. చదరంగం ఆయనకు రాదు. రాదు కాబట్టే తాను నిష్పక్షపాతంగా ఉండగలుగుతున్నానని ఆయన అభిప్రాయం, పై అధికారుల అభిప్రాయమూ అదే. వచ్చిన కొత్తలోనే రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్ళి, అక్కడొక పెద్దమనిషి చెప్పిన మాట చెవిన వేసుకుని తిరిగొచ్చారు.

ఆ మాట ఇది. పాతకాలంలో ఒక మహా ఆటగాడు ఉన్నాడనుకోండి. అతని ఎదుట కూర్చుని ఆడినవాడి అంకె ఒకటి. ఆ ఒకటితో ఆడినవాడు రెండు. రెండుతో ఆడినవాడు మూడు. ఇలా పోతూ ఉంటే ఇవాళ ఆడుతున్నవాడికీ, ఏనాడో పోయిన మహానుభావుడికీ మధ్య ఎన్ని ఆటల దూరమో తేలిపోతుంది. చెప్పిన పెద్దమనిషి దాన్ని భోజనాలయ్యాక వక్క నములుతూ కాలక్షేపానికి చెప్పాడు. పరబ్రహ్మం గారు దాన్ని ఉత్తర్వుగా మార్చారు.

మూలపురుషుడి కోసం ఆట్టే వెతుక్కోనక్కర్లేకపోయింది. కాట్రపేటలోనే పుట్టి, సంస్థానాలన్నీ తిరిగి, ఆడిన ప్రతిచోటా శాలువా కప్పించుకుని, చివరి రోజుల్లో చూపు పోగొట్టుకుని ఇక్కడే కన్నుమూసిన ఓలేటి చయనులు గారు ఉండనే ఉన్నారు. మున్సిపల్ హాల్లో ఆయన పటానికి దండ వేసి పరబ్రహ్మం గారు ప్రసంగించారు.

"గెలుపోటములు తాత్కాలికములు. నేడు గెలిచినవాడు రేపు ఓడును. ఇట్టి అస్థిరమైన ప్రాతిపదికపై ఆటగాళ్ళకు స్థానములు నిర్ణయించుట ఇన్నాళ్ళూ జరిగిన పరిపాలనా లోపము. పరంపర ఒక్కటే స్థిరము. కావున ఇకమీదట స్థానములన్నియు పరంపరాంకమును అనుసరించియే ఉండును. ఎంత చిన్న అంకెయో అంత పెద్ద పీట."

వెనక బెంచీలోంచి తాడి ప్రవల్లిక లేచింది. వరసగా మూడేళ్ళు జిల్లా విజేత ఆ పిల్ల.

"నేను అందరి మీదా గెలుస్తున్నానండి. మరి నా అంకె ఎంతండీ?"

విచారించారు. ఆ అమ్మాయి ఓడించిన వందలాది మందిలో చయనులు గారి పరంపర తగిలినవాడు ఒక్కడూ దొరకలేదు. "గెలుచుట తప్పని మండలి అనుట లేదు," అని పరబ్రహ్మం గారు ఓదార్చారు. "అది పరిగణనలోనికి రాదు, అంతే." అమ్మాయి కుర్చీని స్తంభం వెనక్కి జరిపించారు. ముందు కుర్చీ రైసు మిల్లు యజమాని ఒకాయనకు దక్కింది. ఆయన అంకె మూడు. బంటు వెనక్కి నడవకూడదన్న సంగతి ఆయనకు అప్పటికింకా తెలియదు.

చయనులు గారితో స్వయంగా ఆడిన మనిషి ఎవరైనా బతికి ఉన్నారా అన్న ప్రశ్న వచ్చింది. ఊరంతా లాకుల వీధి వైపు చెయ్యి చూపించింది. మర్నాడే పరబ్రహ్మం గారు ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని టీచరు గారి అరుగు మీద విచారణ పెట్టారు.

"తమరు చయనులు గారితో ఆడియున్నారా?"

"ఆడానండి. వాళ్ళ పక్కిల్లే మాది. నాకప్పుడు పదేళ్ళు. మధ్యాహ్నంపూట ఎవరూ రాకపోతే నన్ను పిలిచి ఆడేవారు."

"గెలిచియున్నారా?"

"అది పరిగణనలోకి రాదన్నారు కదండీ."

"నిజమే. ప్రశ్నను ఉపసంహరించుకొనుచున్నాను."

టీచరు గారు అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఉన్నమాట పూర్తిగా చెప్పడం ఆవిడకు బడిలో అబ్బిన జబ్బు. "పొద్దుటిపూట పెద్ద పెద్ద ఆటగాళ్ళు వచ్చేవారండి. ఆయనకు చూపు ఆనేది కాదు కదా. ఆయన నోటితో చెబితే పావులు నేను జరిపేదాన్ని."

రాస్తున్న కలం ఆగిపోయింది. "అనగా, ఆయన ఆటలు తమరి చేతితో ఆడబడినవి."

"చెయ్యి నాదండి. ఎత్తు ఆయనది."

ఈ ఒక్క ముక్క మీద ఉపసంఘం వారాల తరబడి తర్జనభర్జన పడింది. చెయ్యి ఉత్త పనిముట్టని ఒక సభ్యుడు వాదించాడు. అలాగైతే ఫైళ్ళ మీద మన సంతకాలన్నీ కలాలవి అయిపోతాయి కదా అని రెండో సభ్యుడు అడిగాడు. దాంతో అందరూ కాస్త కంగారుపడ్డారు. ఎట్టకేలకు ఉత్తర్వు వెలువడింది.

"విశ్రాంత ప్రధానోపాధ్యాయిని శ్రీమతి గుత్తుల వరహాలమ్మ, ఉదయంపూట చయనులు గారి హస్తముగా వ్యవహరించినందున మధ్యాహ్నము పన్నెండు గంటల వరకు సున్నాగాను, తదుపరి ఆయనకు ప్రత్యర్థిగా వ్యవహరించినందున సూర్యాస్తమయము వరకు ఒకటిగాను పరిగణింపబడుదురు. సూర్యాస్తమయానంతరము ఆమె సామాన్య పౌరురాలు."

ఆ సాయంత్రం మస్తాన్ గారు దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. "అయితే టీచరుగోరూ, దీపాలెట్టేక మిమ్మల్ని ఓడిత్తే అది లెక్కలోకి రాదన్నమాటండి."

"పగలు ఓడించారేంటి ఎప్పుడైనా?" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకుని ఆటలో పడ్డారు.

నవ్వు అక్కడితో సరి. మర్నాడు తెల్లవారేసరికి లాకుల వీధిలో కార్లు. సున్నాతో ఆడితే ఒకటి అవుతారు. ఒకటి అయితే మండలిలో పెద్దపీట, పిల్లలకు క్రీడా కోటా, పెళ్ళిపత్రికలో పేరు పక్కన అంకె. మొదట్లో టీచరు గారు సంబరపడింది కూడా. ఇన్నేళ్ళకు కొత్త ఆటగాళ్ళు దొరికారని ముఖమల్ గుడ్డతో పావులన్నీ తుడిచింది. రెండు రోజులు కొందరు నిజంగానే కూర్చుని ఆడారు కూడా. మూడోనాడు ఒక ప్లీడరు గారు ఉత్తర్వును అటూ ఇటూ తిప్పి చూసి, ఆట మొదలై ఎవరో ఒకరు ఓటమి ఒప్పుకుంటే ఆట పూర్తయినట్లేనని కనిపెట్టాడు. బంటును ఒక గడి ముందుకు తోశాడు. "ఓడిపోయానండి" అన్నాడు. ఫొటో తీయించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం తర్వాత రెండో ఎత్తు వేసినవాడు లేడు. ఓడిపోవడానికి జనం అంతగా బారులు తీరిన ఊరు మరొకటి ఉండదు. "మంచి బంటే జరిపారు బాబూ, శకటుకు దారి తెరుచుకుంది, కూర్చోండి, చూద్దాం," అని ఆవిడ ఒకాయన్ని బతిమాలింది. "కారు రోడ్డు మీద అడ్డంగా పెట్టేనండి," అని ఆయన ఓడిపోయాడు. పెళ్ళికొడుకులు ఓడిపోయారు, కాంట్రాక్టర్లు ఓడిపోయారు, ఒక డాక్టరు గారైతే చెప్పులు కూడా విప్పకుండా ఓడిపోయారు. జన్మలో చూడనంతమంది ప్రత్యర్థులు వచ్చి కూర్చుని లేచారు, ఆట మాత్రం ఒక్కటీ జరగలేదు. నాలుగింటికి మస్తాన్ గారు వస్తాడులే అనుకుని ఆవిడ ఆ పొద్దుటిపూటలు ఎలాగో నెట్టుకొచ్చేది.

మండలి దృష్టి అప్పుడు మస్తాన్ గారి మీద పడింది. ఆయన ఆడిందంతా సాయంత్రాలే, అంటే ఒకటితో. కాబట్టి ఆయన రెండు. సున్నా, రెండు ఒకే వీధిలో, ఒకే అరుగు మీద. మత్స్యశాఖ అనుభవం పరబ్రహ్మం గారికి ఇక్కడ అక్కరకొచ్చింది. "పెద్ద చేపలన్నియు ఒకే చెరువులో ఉంచరాదు. ఇతర మండలముల ప్రజలు రెండుకు సైతము నోచుకొనక అలమటించుచున్నారు," అని చెప్పి, మస్తాన్ గారిని వెనకబడిన ప్రాంతాలకు డిప్యుటేషను మీద వేశారు. రోజూ మధ్యాహ్నం జీపు వస్తుంది. రోజుకో ఊళ్ళో జనం ఆయన ఎదుట ఓడిపోయి మూడు అవుతారు.

"నాలుక్కల్లా తెచ్చి దింపెయ్యండి సారూ, నాకు పనుంది," అన్నాడు మస్తాన్ గారు. అంటూనే జీపు ముందుసీటు వైపు చూశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఉద్యోగమంతా బండిలో నిలబడే తిరిగిన మనిషి. కూర్చుని, అదీ డ్రైవరు పక్కన, శాలువాతో తిరగడం ఆయనకు ఎరుకలో లేదు. మొదటివారం ఆరింటికి వచ్చాడు. తర్వాత ఏడింటికి. ఆ తర్వాత పలానా ఊళ్ళో సన్మానమని కబురు వచ్చేది, ఆయన వచ్చేవాడు కాదు. టీచరు గారు మాత్రం నాలుగింటికి బల్ల వేసి, పావులు పేర్చి, చీకటి పడ్డాక తీసేది. కోడలు "ఎందుకత్తయ్యా ఊరికే" అంటే, దుమ్ము పడుతుందని పేరుస్తున్నాను అనేది. ఆ సమాధానం కోడలికీ అర్థం కాలేదు, చెప్పినావిడకూ అర్థం కాలేదు.

ఒకనాడు అనుకోకుండా జీపు నాలుగున్నరకే వచ్చి ఆగింది. మస్తాన్ గారు దిగి, శాలువా సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఆయన రాజు ముందు బంటును జరిపాడు. ఆవిడ ఎన్నాళ్ళకో దొరికిన ఎత్తని, కళ్ళజోడు సవరించుకుని, ఆశగా బల్ల మీదికి వంగింది.

"ఓడిపోయానండి," అని మస్తాన్ గారు లేచి నిలబడి, ఫొటో కోసం గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో ఫొటో తీసేవాడు ఎవడూ లేడు. అప్పుడుగాని ఆయనకు తానెక్కడున్నాడో తెలియలేదు. "అదీ... రోజంతా అందరూ అంటుంటే అలవాటైపోయిందండి టీచరుగోరూ," అన్నాడు, నిలబడాలో కూర్చోవాలో తెలియక.

ఆవిడకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. అది కనపడకుండా పావులన్నీ డబ్బాలో వేసేసింది. "జీపు ఆగి ఉంది. మీరు వెళ్ళండి," అంది.

ఆ రాత్రి ఆవిడ ఆలోచించింది చదరంగం గురించి కాదు, తన పాత క్లాసు గురించి. ఒక పిల్లవాడికి రంగు సుద్దముక్క ఇస్తే మిగతా పిల్లలంతా ఏడుస్తారు, కొట్టుకుంటారు. అదే అందరికీ ఇచ్చేస్తే మధ్యాహ్నానికల్లా సుద్దముక్కలు నేల మీద దొర్లుతుంటాయి, తీసేవాడు ఉండడు. ఈ చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

గురువారం కాట్రపేట సంత. పొద్దున్నే టీచరు గారు బల్ల, ముక్కాలిపీట పట్టించుకుని వెళ్ళి సంత మొగలో కూర్చుంది. "ఎవరైనా రావచ్చు. కారు అక్కర్లేదు," అంది. ముందు చేపల గంపతో వచ్చిన ఒకావిడ కూర్చుంది.

"ఏం చెయ్యాలమ్మా?"

"ఆ ముందున్నదాన్ని ఒకటి జరిపి, ఓడిపోయానను."

"అంతేనా? రోజూ అంటూనే ఉన్నాను మా ఆయనతో," అని ఆవిడ బంటు జరిపి ఒకటి అయింది. ఆవిడ వెనక గాజులవాడు, వాడి వెనక బెల్లం కొట్టువాడు, వాడి వెనక సంతకొచ్చిన ఊళ్ళన్నీ. అమ్మకానికి తెచ్చిన మేక ఒకటి తాడు తెంపుకుని వచ్చి బంటును నోట కరచుకుని రెండు గడులు లాగి, మే అని వెళ్ళిపోయింది. అది ఓటమి ఒప్పుకోవడమే అని జనం తీర్మానించారు. దాని యజమాని ఆ మేకను అమ్మకుండా ఇంటికి తోలుకుపోయాడు.

వరసలో ప్రవల్లిక కూడా వచ్చింది. "నేను ఓడిపోనండి టీచరు గారూ, ఆడతాను," అంది.

"సాయంత్రాలు ఎప్పుడైనా రామ్మా, నీతో ఆడాలని నాకూ ఉంది. ఇప్పుడు మాత్రం ఓడిపో, వెనక జనం ఉన్నారు."

కబురు తెలిసి పరబ్రహ్మం గారు పరుగున వచ్చారు. "పరంపరను ఈ విధముగా తట్టలలో పంచుట తగదు."

"ఎంతమందితో ఆడొచ్చో మీ ఉత్తర్వులో రాయలేదు కదండీ," అంది ఆవిడ, తర్వాతవాడికి బల్ల చూపిస్తూ.

ఆయన ఉత్తర్వు తీసి చదువుకున్నారు. రాయలేదు. చేసేదిలేక గడియారం చేత్తో పట్టుకుని, ఎప్పుడు పన్నెండవుతుందా, ఈవిడ ఎప్పుడు ఒకటవుతుందా అని ఎండలో నిలబడ్డారు. పన్నెండయ్యేసరికి సంతలో ఓడిపోనివాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు రైసు మిల్లు యజమాని. చేపలవాళ్ళ వెనక నిలబడడం నామోషీ అనుకుని ఆయన కారు దిగలేదు. రెండోవారు పరబ్రహ్మం గారు. నిష్పక్షపాతం కోసం ఆయన ఏనాడూ బల్ల ముట్టలేదు. ఆవిడ బల్ల మడిచి ఇంటికి వెళ్ళి పెరుగన్నం తిని పడుకుంది.

సంతకొచ్చినవాళ్ళు ఇళ్ళకు పోయి పెళ్ళాం పిల్లలతో ఒక్కో బంటు జరిపించారు. జిల్లా అంతా ఒకట్లు, రెండ్లు అయిపోయింది. తరువాతి పోటీకి వచ్చినవాళ్ళు ఇంచుమించు అందరూ ఒకటి అంకెతోనే వచ్చారు. పెద్దపీటలు అన్నెక్కడివి? ఎవరు ముందో తేల్చడానికి మరో దారి తోచక, అందరినీ కూర్చోబెట్టి ఆడించి, గెలిచినవాళ్ళే ముందని చెప్పాల్సి వచ్చింది. ఇదేదో కొత్త పద్ధతి, బాగానే ఉందని మండలి సభ్యులు అనుకున్నారు. ప్రవల్లిక కుర్చీ స్తంభం వెనకనుంచి మళ్ళీ ముందుకొచ్చింది. మూడు అంకె గల రైసు మిల్లు ఆయన తన కారు డ్రైవరు కన్నా రెండు మెట్లు కింద తేలాడు.

రెండుకు ఇక గిరాకీ లేదు గనక మస్తాన్ గారి ఇంటికి జీపు రావడం ఆగిపోయింది. ఆయన రెండు రోజులు గుమ్మంలో నిలబడి చూశాడు. మూడోరోజు నాలుగింటికి, శాలువా ఇంట్లో వదిలేసి, చేతిలో ఫ్లాస్కుతో లాకుల వీధిలోకి వచ్చాడు. అరుగు మీద టీచరు గారు ఒక్కతే కూర్చుని ఉంది. బల్ల వేసి లేదు.

ఆయన గ్లాసులో టీ పోసి ఆవిడ ముందు పెట్టాడు. "టీ తెచ్చేనండి."

"ఆటే మొదలవలేదు, అప్పుడే టీ ఏమిటి?"

"మొదలెట్టిన ఆట ఒకటుందండి. ఆ రోజు ఓడిపోయానన్నాను. ఆ ఎత్తు ఎనక్కి తీసుకుంటానండి."

టీచరు గారు లేచింది. లోపలికి వెళ్ళి బల్లా, డబ్బా తెచ్చి, పావులన్నీ పేర్చి, అవతలి రాజు ముందున్న బంటును తానే ఒక గడి ముందుకు జరిపింది. "అయితే ఇప్పుడు వంతు నాది," అని టీ గ్లాసు అందుకుంది.

ఆట మంచి పట్టులో ఉండగా పరబ్రహ్మం గారు వచ్చారు. ఆయన వెంట సభ్యులు లేరు. పరంపర లేనివారెవరూ మండలి పదవిలో కొనసాగరాదని ఆయన ఉత్తర్వులోనే ఒక అంశం ఉంది. అలాంటివారి వివరం ఆ రాత్రికల్లా పంపమని పై నుంచి అడిగారు. జిల్లా మొత్తం మీద పరంపర లేనివారు ఒక్కరే తేలారు, ఆ వివరం మీద సంతకం పెట్టవలసినవారూ వారే. సంతలో ఓడినవాళ్ళ ఎదుట ఓడిపోవడానికి మాత్రం ఆయన హోదా ఒప్పుకోలేదు.

"ఒక్క బంటు," అన్నారాయన మెట్టు మీద నిలబడి. "జరిపి, తక్షణమే ఓటమిని అంగీకరించెదను. నిమిషము పట్టదు."

"తప్పకుండానండి," అంది టీచరు గారు. "ఈ ఆట అవనివ్వండి."

"ఎంతసేపు పట్టును?"

"అది మస్తాన్ గారిని అడగాలండి."

మస్తాన్ గారికి ఆ మాటలేవీ వినపడలేదు. ఆయన చెయ్యి ఏనుగు మీదికి వెళ్ళి ఆగింది. కళ్ళు దూలాల మీదికి వెళ్ళాయి. చెయ్యి వెనక్కి వచ్చింది. పరబ్రహ్మం గారు అరుగు అంచున కూర్చుని ఒకసారి బల్ల వంకా, ఒకసారి కాలువ అవతల కొబ్బరితోటల మీదికి వాలుతున్న పొద్దు వంకా చూడసాగారు. సూర్యాస్తమయానంతరము అన్న మాట రాసింది తానేనని ఆయనకు బాగా గుర్తుంది. పొద్దు తోటల వెనక్కి దిగింది. వీధిలో ఎవరింట్లోనో దీపం వెలిగింది.

"ఇక తమరు సామాన్య పౌరురాలు," అన్నారాయన నీరసంగా.

"అవునండి. ఇప్పుడే ప్రాణానికి హాయిగా ఉంది," అని టీచరు గారు ఫ్లాస్కు వంచి ఆయనకు కూడా కాస్త టీ పోసింది. "మస్తాన్ గారూ, మీ ఎత్తు."

"ఆలోచిత్తన్నానండి," అన్నాడు మస్తాన్ గారు.